గోడ ఓవెన్ ఏ కంపెనీది అని కాదు, కంత ఎంత అని అడగండి

కర్నూల్లో కొత్త ఇల్లు కడుతున్నామనీ, వంటింట్లో గోడకు బిగించే ఓవెన్ పెట్టించాలనీ, ఎన్ని లీటర్లది తీసుకోవాలి, మైక్రోవేవ్ కలిసి ఉన్నది మంచిదా కాదా అనీ మీరు అడిగారు. ఇలాంటి ప్రశ్నకు అందరూ కంపెనీల పేర్లు చెప్తారు. నేను చెప్పను. బాష్ అయినా, ఫేబర్ అయినా, కాఫ్ అయినా, ఎలికా అయినా లోపల ఉండేది కాయిల్సూ, థర్మోస్టాటూ, వెనకో ఫ్యానూ. మాది అనంతపురం. ఇంట్లోనే కేకులు, రాగి బిస్కెట్లు చేసి కాలనీ వాళ్ళకూ తెలిసినవాళ్ళకూ ఇస్తుంటాను, అంటే మా ఓవెన్ రోజూ వేడెక్కేదే తప్ప చుట్టాలకు చూపించుకునేది కాదు. ఆ లెక్కన చెప్తున్నా వినండి, ఓవెన్ కొనడం కష్టం కాదు, దాన్ని పెట్టించుకోవడం కష్టం.

ముందు ఒకటి. గోడ ఓవెన్ అంటారు గానీ అది గోడలో పట్టదు. మన ఇటుక గోడ 9 అంగుళాలు, ఓవెన్‌కు లోతే 55 సెంటీమీటర్లు కావాలి. కాబట్టి నిలువు అల్మారా ఒకటి కట్టించి అందులో దూర్చాల్సిందే, అంటే మీ ఓవెన్ తలరాత రాసేది కంపెనీ కాదు, వడ్రంగి.

మా ఇంట్లో జరిగింది చెప్తాను. వంటిల్లు గీసిచ్చిన డిజైనర్ అబ్బాయి ల్యాప్‌టాప్‌లో రంగురంగుల బొమ్మ చూపించాడు. నల్లటి అద్దం ఓవెన్, పక్కనే ఒక పూలకుండీ, లోపల వెచ్చటి లైటు కూడా వెలుగుతోంది. అన్నీ ఉన్నాయి, కొలతలు తప్ప. కార్పెంటర్ ఎంత పెట్టమంటారని ఫోన్ చేస్తే "స్టాండర్డ్ సైజే అన్నా" అన్నాడంట. మా కార్పెంటర్‌కు స్టాండర్డ్ అంటే రెండడుగులు. శుభ్రంగా రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు కంత కోసి, లోపలంతా తెల్ల లామినేట్ అంటించి, అంచులు సాపు చేసి, వేలితో రాసి చూపించి మరీ వెళ్ళాడు. పనితనానికి వంక పెట్టే పనే లేదు.

ఓవెన్ వచ్చిన రోజు మధ్యాహ్నం, మంచి ఎండ. డెలివరీ కుర్రాళ్ళిద్దరూ కార్పెంటరూ కలిసి లేపారు. అది 35 కేజీల దాకా ఉంటుంది, పట్టుకోవడానికి చెవులు కూడా సరిగ్గా ఉండవు. కంతలో మొదలు పెట్టి తోశారు. లోపలికి పోయింది. ఇంకా పోయింది. ముందున్న అద్దం పలకతో సహా, ఎక్కడా ఆనకుండా, వెనక్కి వెళ్ళి కూచుంది. మా అత్త గడప దగ్గర నిలబడి "బాయిలో చెంబు పడినట్ల పాయె కదమ్మా" అంది. కార్పెంటర్ టేపు తీసి మళ్ళీ కొలిచాడు. "రెండడుగులే ఉందక్కా, నూలు తేడా లేదు, మీ మిషనే చిన్నది" అన్నాడు.

మిషన్ చిన్నది కాదు. ఈ ఓవెన్ల ముందు పలక వెడల్పు 595 మిల్లీమీటర్లు ఉంటుంది. వెనకున్న పెట్టె దానికంటే సన్నం. ఆ పలక రెండు పక్కలా చెక్క మీద ఆనాలి, తలుపు తెరిస్తే కనపడే బెజ్జాల్లోంచి స్క్రూలు ఆ చెక్కలోకే దిగాలి. అందుకని కంత వెడల్పు 560 నుంచి 568 లోపే ఉండాలని వాళ్ళిచ్చే పుస్తకంలో బొమ్మ వేసి మరీ ఉంటుంది. రెండడుగులంటే 610. పలకకు చెక్కే తగలదు, ఇంక స్క్రూ గాల్లో బిగించాలా? డెలివరీ కుర్రాళ్ళు సంతకం పెట్టించుకుని వాళ్ళ దారిన వాళ్ళు పోయారు. ఓవెన్‌ను వెనక్కి లాగి నేల మీద దుప్పటి వేసి పెట్టి, కార్పెంటర్ రెండు పక్కలా 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పట్టీ, దాని మీద 4 మిల్లీమీటర్లది ఇంకోటి వేశాడు. 566కి దిగింది. అప్పుడు పట్టింది. కానీ మొదటి లామినేట్ షీటు అయిపోయిందని పట్టీలకు వేరే తెలుపు తెచ్చాడు, పాలరంగులో ఒకటి, సున్నం రంగులో ఒకటి, ఇప్పటికీ నా కళ్ళు ముందు అక్కడికే పోతాయి.

అందుకే చెప్తున్నా, అల్మారా కట్టించాక ఓవెన్ కొనకండి. ముందు మోడల్ ఖాయం చేసుకుని, దాని కొలతల కాగితం ప్రింటు తీసి, వడ్రంగి చేతికివ్వండి, మిల్లీమీటర్లలో. అడుగులు, అంగుళాలు అనే మాట ఆ రోజు ఇంట్లో వినపడకూడదు.

ఇంకోటి, అల్మారా వెనక చెక్క. కార్పెంటర్లకు వెనక తెరిచి వదలాలంటే ప్రాణం ఒప్పదు, ఎలుకలొస్తాయంటారు, బొద్దింకలంటారు. మాకూ మూసే పెట్టాడు. బిగించడానికొచ్చిన టెక్నీషియన్ చూసి, వేడి ఎట్లా పోతుంది సార్ అని మా ఆయన్నే అడిగి, అక్కడికక్కడే వెనక చెక్క కోయించాడు. ఓవెన్ ఆపేసిన తర్వాత కూడా లోపల చల్లబరిచే ఫ్యాన్ కాసేపు తిరుగుతూనే ఉంటుంది, ఆ గాలికి దారి లేకపోతే లామినేట్ ఉబ్బుతుంది, జిగురు వదులుతుంది. మే నెలలో కర్నూలు వంటింటి సంగతి నేను మీకు చెప్పాలా?

ఓవెన్ కూచునే కింద అరకు మాత్రం ప్లైవుడ్ వద్దు, కడప బండ వేయించండి. ఇది నా పట్టుదల. మన నాయనల కాలంలో వంటింటి అరలన్నీ కడప బండలే, చెద పట్టదు, వేడికి వంగదు, నీళ్ళు పడితే ఉబ్బదు, తడిగుడ్డతో తుడిస్తే సరి. ఇప్పుడు మాడ్యులర్ అనే పేరు చెప్పి బండలన్నీ పీకించి, బెంగళూరు నుంచి తెచ్చిన చెక్కపొట్టు బోర్డు పెడుతున్నారు. పక్కనే బేతంచర్ల, తాడిపత్రి, కడప ఉన్నాయి, మనకు రాతికి కరువా? ఆ డిజైనర్లకు ఓళిగలు చేసుకోవడానికి నాలుగు చేతులు ఆడే జాగా కావాలని కూడా తెలీదు, వంటింటి మధ్యలో దిమ్మె కట్టి దాని చుట్టూ ఎత్తు స్టూళ్ళు వేస్తారు. సరే, అది వేరే గొడవ.

కరెంటు. 3 కిలోవాట్ల ఓవెన్ 230 వోల్టుల దగ్గర 13 ఆంపియర్లు లాగుతుంది. మిక్సీకి వాడే మామూలు ప్లగ్గులో పెట్టే వస్తువు కాదు. బోర్డు నుంచి దానికోసమే ఒక లైను, దానికోసమే ఒక ఎంసీబీ, అంటే లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్చి, ఉండాలి. ఎలక్ట్రీషియన్ 2.5 వైరు చాలంటాడు, లెక్కకు చాలుతుందేమో, నేనైతే 4 స్క్వేర్ ఎంఎం వైరే లాగమంటాను, ఎందుకంటే గోడలు పూసేశాక వైరు మార్చడం కంటే ఇప్పుడు కాస్త ఎక్కువ పెట్టడం నయం. గీజరు, ఏసీ, ఓవెన్ ఒకే లైను మీద వేసి, పండగ పూట ఫ్యూజు పోతే కరెంటోళ్ళను తిట్టేవాళ్ళను చాలామందిని చూశాను. మీటరుకు ఎన్ని కిలోవాట్ల లోడు రాయించారో కూడా ఒకసారి చూసుకోండి.

వోల్టేజి గురించి ఎవరూ చెప్పరు. ఎండాకాలం సాయంత్రాలు వోల్టేజి దిగుతుంది కదా, 230 ఉండాల్సింది 190 అయితే వేడి ఆ మేరకే తగ్గదు, వర్గం లెక్కన, అంటే వోల్టేజిని దానితోనే హెచ్చవేసిన లెక్కన తగ్గుతుంది. 2500 వాట్ల కాయిల్ 1700 వాట్లే ఇస్తుంది. ముందుగా వేడెక్కడానికి పట్టే సమయం సాగుతుంది, పుస్తకంలో రాసిన నిమిషాలకు తీస్తే కేకు నడిమధ్యన జారుగా ఉంటుంది, మనమేమో మైదాను, గుడ్లను, షాపువాడిని తిట్టుకుంటాం. ఓవెన్ లోపల పెట్టే చిన్న థర్మామీటర్ దొరుకుతుంది, అది కొనుక్కోండి. డయల్ మీద 180 పెట్టినంత మాత్రాన లోపల 180 ఉన్నట్టు కాదు.

ఎర్త్ కూడా. మనది ఎండిన నేల. బొగ్గు, ఉప్పు వేసి పూడ్చిన ఎర్త్ గుంత ఏప్రిల్ దాటేసరికి పొడిపొడిగా అవుతుంది, అప్పుడు ఓవెన్ హ్యాండిల్ పట్టుకుంటే వేళ్ళు జుమ్మంటాయి. మా అత్త ఆ గుంతలో చెంబెడు నీళ్ళు పోయకుండా వంటింట్లోకి అడుగు పెట్టదు, తులసికోట తర్వాత దానికే.

టచ్ ప్యానెల్ చూసి మోసపోకండి. చాలా డిజిటల్ ఓవెన్లు కరెంటు పోయి వస్తే గడియారం మిణుకుమిణుకుమంటూ నిలబడతాయి, టైము సరిచేసేదాకా వేడెక్కవు. బిస్కెట్లు లోపల పెట్టి స్నానానికి పోయి వచ్చేసరికి కరెంటు పోయి వచ్చి ఉంటుంది, ఓవెన్ చల్లగా, బిస్కెట్లు మెత్తగా. ఇళ్ళలో ఉండే ఇన్వర్టర్ ఫ్యాన్లకూ లైట్లకూ తప్ప దీనికి చాలదు. డిజిటల్ గడియారం లేకుండా తిప్పే నాబులతోనే నడిచేది తీసుకుంటే కరెంటు రాగానే మళ్ళీ వేడెక్కడం మొదలుపెడుతుంది. షాపులో అది పాత మోడల్ మేడం అని మొహం చిట్లిస్తారు, చిట్లించనీయండి.

ఎత్తు విషయంలో అందంకోసం పోవద్దు. మీ ఇంట్లో ఎక్కువ వంట చేసేవాళ్ళను నిలబెట్టి, వాళ్ళ మోచేతి దగ్గరకు నడిమి అర వచ్చేటట్టు పెట్టించండి. ఓవెన్‌ను కింద పెడితే వంగలేక మోకాళ్ళు పోతాయి, బొమ్మలో బాగుందని మైక్రోవేవ్ కింద, ఓవెన్ పైన పెడితే కాలే ట్రే భుజాల పైనుంచి దించాలి. తలుపు కిందికి తెరుచుకుని ముందుకు అర మీటరు దాకా వస్తుంది కాబట్టి ఎదురుగా నడిచే దారి ఉండకూడదు, ట్రే దించడానికి చేతికందే దూరంలో ఒక బండ ఉండాలి. పిల్లలుంటే తలుపుకు మూడు పొరల అద్దం ఉన్నది చూడండి.

అన్నిటికంటే ముఖ్యం సర్వీసు. మీకు హైదరాబాద్ నుంచి రావాలి, మాకు బెంగళూరు నుంచి రావాలి, అదే 44వ నంబరు హైవే, అటూ ఇటూ రెండొందల కిలోమీటర్లు. కొనకముందే కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి 518తో మొదలయ్యే మీ పిన్ కోడ్ చెప్పి, మనిషి ఎక్కడి నుంచి వస్తాడు, కర్నూల్లోనే ఉంటాడా అని అడగండి. "అరేంజ్ చేస్తాం మేడం" అన్నారంటే ఎవరూ లేరని అర్థం. నాకు తలుపు రబ్బరు ఒకటి పోతే అది వచ్చేలోగా సంక్రాంతి ఆర్డర్లన్నీ బల్ల మీద పెట్టుకునే పాత చిన్న ఓవెన్ (ఓటీజీ) లోనే చేశాను.

ఇక మీరడిగింది. 65 నుంచి 70 లీటర్లు ఏ ఇంటికైనా చాలు. పదకొండు ఫంక్షన్లు అంటారు, వాడేది మూడు, పైనా కిందా వేడి, కింద ఒక్కటే, ఫ్యాన్‌తో. ఫ్యాన్ పెడితే వంటల పుస్తకంలో చెప్పిన వేడికి 20 డిగ్రీలు తగ్గించుకోండి, రెండు ట్రేలు ఒకేసారి పెట్టొచ్చు. శెనక్కాయ గింజలు పెద్ద ట్రేలో పరిచి 160లో పెట్టి మధ్యలో ఒకసారి కలిపితే మాడకుండా సమంగా వేగుతాయి, మా ఇంట్లో పొడికైనా చట్నీకైనా ఇప్పుడు బాండ్లీ ఎవరూ ముట్టడం లేదు. 500 డిగ్రీల దాకా వేడెక్కి లోపలి జిడ్డును బూడిద చేసే రకం ఉంటుంది, దానికి అంత డబ్బు దండగ, వంటసోడా నీళ్ళు చాలు. మైక్రోవేవ్ కలిసినది మాత్రం వద్దు, ఒకటి చెడితే రెండూ పోతాయి, పైగా అలాంటివి ఎక్కువగా 45 సెంటీమీటర్ల ఎత్తువి, లోపల చోటు తక్కువ. పాలు వెచ్చబెట్టుకోవడానికి 20 లీటర్ల మైక్రోవేవ్ విడిగా తెచ్చి బండ మీద పెట్టుకోండి, చెడిపోతే చంకలో పెట్టుకుని కర్నూల్లో ఏ రిపేరు షాపుకైనా పోవచ్చు.