గోడలో తేనెటీగలు చేరాయా? ఆ కన్నం మాత్రం మూయకండి

మార్చి నెల వచ్చిందంటే చాలు, మా డాలస్ వైపు కొత్తగా ఇల్లు కొన్నవాళ్లు నన్ను అడిగే మాట ఒకటే. "అన్నా, ఇంటికి తేనెటీగలు పట్టాయి, హోమ్ డిపో హార్డ్‌వేర్ షాపులో ఏ స్ప్రే కొనమంటావ్?" స్ప్రే సంగతి తర్వాత చూద్దాం, ముందు దూరం నుంచి జూమ్ చేసి ఓ ఫోటో తీసి పంపు అంటాను. మనకి ఎగిరొచ్చి కుట్టేదల్లా తేనెటీగే, మహా అయితే కందిరీగ. ఇక్కడ ఇంటి చుట్టూ నాలుగైదు రకాలు తిరుగుతుంటాయి, ఒకదానికి చేయాల్సిన పని ఇంకోదానికి చేస్తే డబ్బులు పోతాయి, మొహం కూడా వాస్తుంది. నాకు ఈ తెలివి వచ్చేసరికి వంటింటి గోడ ఒకటి పోయింది.

ఆ గోడ కథే ముందు చెబుతాను. ఇక్కడి ఇళ్లు బయటికి ఇటుకతో కట్టినట్టు కనిపిస్తాయి గానీ ఆ ఇటుక పైకి తొడిగిన చొక్కా లాంటిది. దాని వెనక కాస్త ఖాళీ, ఆ వెనక చెక్క ఫ్రేము, లోపలి వైపు షీట్‌రాక్ అనే జిప్సం పలక. గోడ అడుగు వరసలో, కిటికీల పైన, రెండు ఇటుకల మధ్య అక్కడక్కడ సిమెంటు పెట్టకుండా నిలువు సందులు వదిలేస్తారు, వీప్ హోల్స్ అంటారు, లోపల చేరిన తేమ బయటికి పోవడానికి. తేనెటీగ కంటికి అది తొర్ర ఉన్న చెట్టు. మేం ఇల్లు కొన్న రెండో ఏడాది ఏప్రిల్‌లో అలాంటి ఓ సందులోంచి ఈగలు ఒకటే రాకపోకలు. నేనేదో తెలివిగా రాత్రి పదింటికి కాక్ (సందులు పూడ్చే జిగురు) ఓ ట్యూబు కొట్టి కన్నం మూసేసి హాయిగా పడుకున్నాను.

పొద్దున్నే మా ఆవిడ కేక పెడితే లేచి చూద్దును కదా, వంటింటి కిటికీ బ్లైండ్స్ మీద నలభై యాభై ఈగలు. దారి మూసుకుపోతే అవి గోడలోనే ఊరుకుంటాయా, వెలుతురు ఎక్కడ కనిపిస్తే అటు పాక్కుంటూ వస్తాయి. ప్లగ్ పాయింట్ ప్లేటు పక్కనున్న సన్నటి సందులోంచి ఒక్కొక్కటీ తల బయట పెట్టడం నా కళ్లతో చూశాను. ఆ టెన్షన్‌లో ఫోన్‌లో దొరికిన పెస్ట్ కంట్రోల్ అతన్ని పిలిచాను. ఏదో పొడి కొట్టి, సాయంత్రానికి అన్నీ చస్తాయన్నాడు. చచ్చాయి కూడా. గోడలో మిగిలిపోయిన తేనెపట్టు సంగతి అతను చెప్పలేదు, నాకు అడగాలని తట్టలేదు.

అసలు తంటా అక్కడే వచ్చింది. ఈగలు బతికున్నంతకాలం రెక్కలతో విసురుకుంటూ పట్టును చల్లగా ఉంచుకుంటాయి. అవి పోయాక, జూన్ ఎండకి మైనం మెత్తబడి తేనె కారడం మొదలైంది. షీట్‌రాక్ మీద ముందు అట్టంత గోధుమరంగు మరక వచ్చింది, తర్వాత చీమలు, ఆ తర్వాత పులిసిన వాసన. గోడ కోయించి చూస్తే రెండు చెక్కల మధ్య మూడడుగుల పొడుగున, ఒకదాని పక్కన ఒకటి పలకలు పేర్చినట్టు వేలాడుతున్నాయి పట్లు. బకెట్లకి ఎత్తారు. మందు కొట్టిన తేనె కాబట్టి ఒక్క చుక్క నోట్లో పెట్టుకోవడానికి లేదు. ఇన్సూరెన్స్‌కి ఫోన్ చేస్తే, పురుగుల వల్ల జరిగిన నష్టం ఇంటి మెయింటెనెన్స్ కిందికి వస్తుంది, మేం ఇవ్వం అన్నారు. మీ పాలసీ కూడా ఓసారి చదువుకోండి, సాధారణంగా అలాగే ఉంటుంది.

ఇంతకీ గోడలో చేరితే ఏం చేయాలంటే, కన్నం జోలికి పోకుండా, ఈగల్ని చంపకుండా పట్టు తీసే బీకీపర్‌ని, అంటే తేనెటీగలు పెంచే అతన్ని, పిలవాలి. టెక్సస్‌లో అయితే టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ కింద నడిచే ఏపియరీ ఇన్‌స్పెక్షన్ సర్వీస్ (తేనెటీగల తనిఖీ విభాగం) వాళ్ల దగ్గర ఇలా తేనెటీగలు తీసేవాళ్ల జాబితా ఉంటుంది. ఫోన్‌లో మూడు ప్రశ్నలు అడగండి: పట్టు మొత్తం తీస్తారా, లోపలి ఖాళీని మళ్లీ ఈగలు చేరకుండా నింపుతారా, కోసిన గోడ అతికించేది వాళ్లా మీరా. వందల డాలర్లలో అవుతుంది, కడుపు మండుతుంది, అయినా నాలాగా రెండుసార్లు డబ్బులు కట్టడం కంటే నయం. పని అయ్యాక వీప్ హోల్స్‌లో స్టీల్ మెష్ పెట్టించండి, గాలి ఆడుతుంది, ఈగ దూరదు. అద్దింట్లో ఉంటే సొంతంగా ఏదీ చేయకుండా లీజింగ్ ఆఫీసుకి ఫోటోతో సహా మెయిల్ పెట్టండి, నోటిమాట సరిపోదు.

ఇంకో ముక్క. ఇండియాలో మన దగ్గర పెద్ద తేనెటీగ అపార్ట్‌మెంట్ బాల్కనీ కిందో వాటర్ ట్యాంక్ కిందో ఆరుబయట ఒకే పెద్ద పట్టు పెడుతుంది, రాత్రిపూట కాగడాతో పొగబెట్టడం మనం చిన్నప్పటి నుంచీ చూసిందే. ఇక్కడి తేనెటీగ తొర్రల్లో కాపురం చేసే రకం, దాదాపు ఎప్పుడూ గోడలోనో కప్పులోనో చెట్టు లోపలో ఉంటుంది. మా అత్తగారు విజిట్‌కి వచ్చినప్పుడు ఎండుటాకులు పోగేసి పొగ పెడదామన్నారు. అత్తయ్యగారూ, ఇది చెక్క ఇల్లు, పొగతో పాటు కొంప కూడా పోతుందని ఆపాను. (ఇంట్లో తేనెపట్టు పడితే శుభమని ఆవిడ, కాదని మా అమ్మ, వాట్సాప్‌లో ఆ వాదన ఇంకా నడుస్తూనే ఉంది.)

చెట్టు కొమ్మకో ఫెన్స్‌కో గుమ్మడికాయంత ముద్దగా ఈగలు వేలాడుతూ కనిపిస్తే మాత్రం కంగారు పడకండి. పాత రాణి సగం మందిని వెంటేసుకుని కొత్త ఇల్లు వెతుక్కుంటూ దారిలో ఆగిందన్నమాట. వాటికి కాపాడుకోవాల్సిన పిల్లలూ లేరు, తేనె నిల్వా లేదు, పైగా కడుపునిండా తేనె తాగి బయల్దేరి ఉంటాయి కాబట్టి మామూలుగా కుట్టే మూడ్‌లో ఉండవు. పిల్లల్నీ కుక్కనీ లోపలికి తెచ్చి ఊరుకుంటే కొన్ని గంటల్లోనో రెండు మూడు రోజుల్లోనో అవే పోతాయి. ఈలోపు బీకీపర్‌కి చెబితే కొందరు ఉత్తి పుణ్యానికే పట్టుకుపోతారు.

ఇక కందిరీగలు. ప్యాటియో కప్పు కింద, మెయిల్‌బాక్స్‌లో, పిల్లల ఉయ్యాల బల్ల అడుగున, చలికాలమంతా తెరవని గ్రిల్ మూత లోపల, బోర్లించిన గొడుగులా గదులు కనిపిస్తూ ఉంటే అది పేపర్ వాస్ప్ గూడు. దీనికి స్ప్రే పనికొస్తుంది, దూరం నుంచి ధారగా కొట్టే వాస్ప్ స్ప్రే. చీకటి పడ్డాక, అన్నీ గూటికి చేరాక, నిండు చేతుల చొక్కా వేసుకుని, గూటికి సరిగ్గా కింద నిలబడకుండా పక్కనుంచి కొట్టండి. నిచ్చెన ఎక్కి మాత్రం వద్దు, కుట్టిన దానికన్నా కింద పడిన దానికే ఎముకలు విరుగుతాయి. టార్చి నేరుగా గూటి మీద వేస్తే వెలుగు వెంట మీ మీదికే వస్తాయి. పొద్దున చూసి, కదలిక లేకపోతే కర్రతో గీకేయండి.

వీటికంటే నాకు ఎల్లో జాకెట్ అనే ఇంకో రకం కందిరీగ అంటేనే భయం. నేలలో బొరియ చేసుకుని ఉంటుంది, లాన్ మూవర్ అదురుకి ఒక్కసారిగా లేస్తాయి. వేసవి చివర్లో గూడు బాగా పెద్దదవుతుంది, కోపం కూడా ఎక్కువే. ఆ బొరియలో పెట్రోలు పోసి నిప్పు పెట్టమని సలహా ఇచ్చేవాళ్లు మన స్నేహితుల్లోనే ఉంటారు, వినకండి, దీనికి లైసెన్స్ ఉన్న పెస్ట్ కంట్రోల్ వాళ్లే దిక్కు. సరిగ్గా ఈ రోజుల్లోనే మన బతుకమ్మ, దసరా పార్కుల్లో జరుపుకుంటాం కదా, తీపికి, మాంసానికి ఇవి ముసురుతాయి. తెరిచి పెట్టిన కోక్ క్యాన్‌లో దూరిన కందిరీగ బయటికి కనపడదు, పిల్లాడు గుటక వేస్తే గొంతులో కుడుతుంది, వాపుకి ఊపిరాడకపోవచ్చు. డ్రింకులు పారదర్శకమైన గ్లాసులో పోసివ్వండి.

డెక్ (ఇంటి వెనక చెక్క అరుగు) చెక్కలో పెన్సిలు పట్టేంత గుండ్రటి కన్నాలు, కింద రంపపు పొట్టు ఉంటే అది కార్పెంటర్ బీ, మన నల్ల తుమ్మెదకి చుట్టం. మొహం మీదికి వచ్చి బెదిరించేది మగది, దానికి ముల్లే లేదు. చెక్కకి రంగు వేయిస్తే చాలావరకు రావు. గోడకి మట్టి గొట్టాల్లా అంటించి ఉంటే మడ్ డాబర్, సాలీళ్లను పట్టి అందులో పెట్టి పిల్లలకి తిండిగా దాస్తుంది. తుమ్మెద తెచ్చి గూట్లో పెట్టిన పురుగు చివరికి తుమ్మెదే అవుతుందని మనవాళ్లు భ్రమరకీటక న్యాయం అన్నది ఈ జాతి పని చూసే అయ్యుంటుంది. మనుషుల జోలికి దాదాపు రాదు, వదిలేయండి.

టెక్సస్‌లో ఉన్నవాళ్లకి ఒక హెచ్చరిక. 1990లో మెక్సికో సరిహద్దు దాటి ఆఫ్రికా సంకర తేనెటీగ ఇక్కడికి వచ్చింది, చూడ్డానికి మామూలు తేనెటీగలాగే ఉంటుంది, కంటితో తేడా చెప్పలేం. విషం ఎక్కువేం కాదు, కానీ చిన్న అదురుకే వందల్లో లేచి చాలా దూరం తరుముతుంది. గుంపు లేచిందంటే చేతులు ఊపుతూ నిలబడకుండా, చొక్కా మొహం మీదికి లాక్కుని, తిన్నగా ఇంట్లోకో కార్లోకో పరిగెత్తండి. నాలుగు ఈగలు మీతో పాటు కార్లోకి వచ్చినా పర్లేదు, తలుపు వేసేయండి. స్విమ్మింగ్ పూల్‌లో దూకితే మీరు పైకి తేలేదాకా అక్కడే కాచుకుంటాయి.

కుట్టిన తేనెటీగ ముల్లు ఒంట్లోనే వదిలేస్తుంది, ఆ ముల్లుకున్న సంచి ఇంకా విషం దింపుతూనే ఉంటుంది. కార్డుతో గీకాలా గోరుతో లాగాలా అని ఆలోచిస్తూ కూర్చోకుండా ఎలా వస్తే అలా వెంటనే తీసేయండి. కుట్టిన చోట అరటిపండు వాసన లాంటిది వస్తుంది, మిగతా ఈగల్ని పిలిచే వాసన అది, కాబట్టి ముందు అక్కణ్ణుంచి కదలండి. తర్వాత సబ్బుతో కడిగి ఐసు పెట్టండి. కుట్టిన చోటే వాచి, రెండో రోజుకి ఇంకా పెరిగినా చాలామందికి అది మామూలే. ఒళ్లంతా దద్దుర్లు, పెదాలు నాలుక వాయడం, ఆయాసం, వాంతులు, కళ్లు తిరగడం, వీటిలో ఏది కనిపించినా ఎమర్జెన్సీ నంబర్ 911కి ఫోన్ చేయండి. ఎపిపెన్ (అలర్జీ రియాక్షన్‌కి వెంటనే పొడుచుకునే ఎడ్రినలిన్ ఇంజెక్షన్) ఉంటే తొడ బయటి వైపు, బట్టల మీదినుంచే పొడవచ్చు. బెనడ్రిల్ అనే అలర్జీ మందు దానికి బదులు కాదు. అలర్జీ లేనివాళ్లయినా పదుల సంఖ్యలో కుడితే ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు బీపీకి అటెనలాల్, మెటోప్రొలాల్ లాంటివి వేసుకుంటుంటారు. ఆ మందుల మీద ఉన్నవాళ్లకి రియాక్షన్ వస్తే ఎపిపెన్ మందు సరిగ్గా పనిచేయకపోవచ్చు. మాత్రలు ఆపకండి, కానీ అంబులెన్స్ వాళ్లకి మొదటే ఆ పేరు చెప్పాలి. మా నాన్న మందుల చీటీ ఇంగ్లీషులో రాసి ఫ్రిజ్ మీద అంటించాను.

చివరగా, కర్బ్ (రోడ్డు అంచు గట్టు) దగ్గర గడ్డిలో ఉండే వాటర్ మీటర్ డబ్బా, స్ప్రింక్లర్ వాల్వ్ డబ్బా. రెండూ తేనెటీగలకి భలే ఇష్టం, చీకటి, చల్లదనం, మూతకో చిన్న కన్నం. పైపు లీకైందని హడావిడిగా మూత లేపకండి, ఓ నిమిషం దూరంగా నిలబడి ఆ కన్నం వైపు చూడండి. ఈగలు వస్తూ పోతూ ఉంటే సిటీ వాటర్ డిపార్ట్‌మెంట్‌కి ఫోన్ చేయండి, చాలా ఊళ్లలో ఆ మీటర్ డబ్బా వాళ్లదే, తీయించే పనీ వాళ్లదే.