అమ్మలూ, ఇంజన్ సంగతి తర్వాత, ముందు బండి కింద ఏముందో చూపించు

అమ్మలూ,

మీ 2013 డీజిల్ కారు రిపేరుకి షెడ్‌వాళ్ళిచ్చారని నువ్వు పంపిన ఎస్టిమేట్ ఫోటో చూశాను. ఇంజన్ దించి ఫుల్ ఓవర్‌హాలింగ్, అంటే మొత్తం విప్పి బాగుచెయ్యడానికి 95 వేలు, కింద చేత్తో "హెడ్ (ఇంజన్ పై భాగం) దించాక ఇంకేమైనా ఉంటే ఎక్స్‌ట్రా" అని రాశారు. అల్లుడుగారేమో దీనికింత పెట్టే బదులు డౌన్‌పేమెంట్ కట్టేసి కొత్తది తీసుకుందాం అంటున్నారని, వదినేమో ఆ బండి కలిసొచ్చింది అమ్మొద్దు అంటోందని చెప్పావు. ఇద్దరి మాటా ఒక నాలుగు రోజులు పక్కన పెట్టండి. అడ్వాన్స్ మాత్రం ఇప్పుడే ఇవ్వకు.

నేను ఆర్టీసీ గ్యారేజీలో చేసినన్నాళ్ళూ, రిటైరయ్యాక ఆటోనగర్‌లో మనవాళ్ళ షెడ్డులో కూర్చున్నప్పుడూ గమనించింది ఒకటే, పాత బండికి పెద్ద ఖర్చు పెట్టాలా వద్దా అన్నది ఇంజన్ని చూసి తేల్చేది కాదు, బాడీని చూసి తేల్చేది. ఇంజన్ ఎంత పోయినా దించి బాగుచేయొచ్చు, పార్ట్ మార్చొచ్చు, లేత్‌కి పంపొచ్చు. కింద ఛాసిస్ తుప్పు పట్టినా, వైరింగ్‌లోకి నీళ్ళు పోయినా, ఎప్పుడో యాక్సిడెంట్‌లో వంగిన బండిని టింకరింగ్ చేసి నిలబెట్టినా, దాన్ని మళ్ళీ మామూలు బండి చెయ్యడం ఎవరి వల్లా కాదు. అలాంటి దానికి కొత్త ఇంజన్ లాంటి ఇంజన్ వేసినా డబ్బులు పోయినట్టే. జనం మాత్రం ఎస్టిమేట్ ఇంజన్‌ది వచ్చింది కాబట్టి ఇంజన్ గురించే మాట్లాడుకుంటూ ఉంటారు.

అందుకని ముందు మీ మేస్త్రిని అడిగి బండిని ర్యాంప్ మీదకి ఎక్కించు. లిఫ్ట్ ఉన్న షెడ్ అయితే ఇంకా మంచిది. కింద రెండు పక్కలా పొడుగ్గా వెళ్ళే మెంబర్లు (బాడీని మోసే ఇనుప దూలాలు), డోర్ల కింద పట్టీ, ముందు సస్పెన్షన్ పైన బిగించే చోటు, డిక్కీలో స్టెప్నీ పెట్టే గుంట, ఇవి చూడాలి. స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడిచి చూడమను, పైపైన ఎర్రగా ఉంటే భయం లేదు, లోపలికి దిగిందంటే మాత్రం ఆలోచించాల్సిందే. లోపల మ్యాట్ ఎత్తి కార్పెట్ కింద చెయ్యి పెట్టి చూడు, సీటు బోల్టులు తుప్పు పట్టాయా, ముక్క వాసన వస్తుందా అని. మీరు ఈ బండి సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు కాబట్టి ఇది మరీ ముఖ్యం, ముందు ఓనర్ దాన్ని ఎక్కడ తిప్పాడో మనకి తెలీదు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు పొంగి ఇక్కడ విజయవాడ సింగ్‌నగర్‌లో కార్లు రోజుల తరబడి నీళ్ళలో నిలబడ్డాయి చూడు, అలాంటి బండ్లు పైకి శుభ్రంగా కడిగేసి అమ్మితే కొన్నవాడికి ఏడాది తర్వాత ఒక్కొక్క సెన్సారూ, ఒక్కొక్క కనెక్టరూ మొదలవుతాయి. నీది అంతకుముందే కొన్నావు కాబట్టి ఆ వరద కాదులే, కానీ మీ హైదరాబాద్‌లో వానొస్తే సెల్లార్లు నిండడం కొత్తేం కాదుగా.

బాడీ బాగుందని తేలితే అప్పుడు ఇంజన్ దగ్గరికి వద్దాం. మేస్త్రి "ఇంజన్ బోర్‌కొచ్చింది" అన్నాడని రాశావు, అంటే లోపల సిలిండర్లు, రింగులు అరిగిపోయాయని. దేన్ని బట్టి అన్నాడు? ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు పికప్ లేదు, పొగ వస్తోంది, ఆయిల్ తగ్గుతోంది, ఇంతేగా నువ్వు చెప్పింది. పికప్ పోవడానికి ఇంజన్ పోనక్కర్లేదమ్మా, ఇంజన్‌లోకి గాలి తోసే టర్బో నుంచి ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కి వెళ్ళే హోస్ చీలినా పోతుంది, డీజిల్ ఫిల్టర్ మూసుకుపోయినా, కాలిన పొగలో కొంత మళ్ళీ ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వ్‌లో మసి పట్టినా, క్లచ్ ప్లేట్ జారుతున్నా అలాగే ఉంటుంది. పొగ రంగు ఏంటో నువ్వే నిలబడి చూడు. నల్లగా వస్తే గాలి సరిపోవడం లేదు లేదా ఇంజెక్టర్ డీజిల్ ఎక్కువ కొడుతోంది, అది ఓవర్‌హాలింగ్ పని కాదు. నీలంగా వస్తే ఆయిల్ కాలుతోంది, కానీ అదీ రింగుల వల్లేనని చెప్పలేం, టర్బో సీల్ పోయినా ఆయిల్ అలాగే తాగుతుంది. తెల్లగా తెరలు తెరలుగా వస్తూ కూలెంట్ తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ (హెడ్‌కీ ఇంజన్ బ్లాక్‌కీ మధ్య ఉండే సీల్) వైపు చూడాలి. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసి చూడమను, అక్కణ్ణుంచి ఫట్ ఫట్ మని పొగ తన్నుతుంటే బ్యాక్ కంప్రెషన్ కొడుతోందంటారే, అప్పుడు రింగుల మీద అనుమానం నిజం.

ఇవన్నీ అనుమానాలే, తేల్చేది కంప్రెషన్ టెస్ట్, అంటే సిలిండర్లో గాలి ఎంత ఒత్తిడితో నొక్కబడుతోందో కొలవడం. నాలుగు సిలిండర్లకీ గేజ్ పెట్టి రీడింగులు కాగితం మీద రాసివ్వమను. నాలుగూ దగ్గర దగ్గరగా, బాగానే ఉంటే ఇంజన్ దించాల్సిన పనే లేదు, ఎస్టిమేట్ అక్కడే సగానికి పైగా పడిపోతుంది. ఒకటో రెండో బాగా తక్కువ చూపిస్తే ఓవర్‌హాలింగ్ మాట నిజమేనని ఒప్పుకుందాం. టెస్ట్ చెయ్యకుండా "నా అనుభవంతో చెప్తున్నా మేడమ్" అంటే ఇంకో షెడ్‌కి తీసుకెళ్ళు, అనుభవం ఉన్నవాడు గేజ్ పెట్టడానికి వెనకాడడు.

నిజంగానే ఇంజన్ పోయిందనుకో, అయినా నీ బండికి ఒక అదృష్టం ఉంది. ఆ 1248 సీసీ డీజిల్ ఇంజన్ ఫియట్‌ది, మారుతీ దాన్ని డీడీఐఎస్ అంది, టాటా వాళ్ళు క్వాడ్రాజెట్ అన్నారు, ఫియట్ మల్టీజెట్ అంది, దేశంలో ఎన్ని బండ్లలో వేశారో. 2020లో బీఎస్6 అనే పొగ కాలుష్యం రూల్‌తో మారుతీ డీజిల్ ఆపేసినా పార్టులకి కొరత లేదు, మీ రాణీగంజ్‌లో అడిగినా మా ఆటోనగర్‌లో అడిగినా దొరుకుతాయి, దాని చెయ్యి తెలిసిన మేస్త్రులూ ఉన్నారు. అందుకే ఈ ఇంజన్‌కైతే ఖర్చు పెట్టొచ్చు అంటాను, అదే మార్కెట్లోంచి వెళ్ళిపోయిన కంపెనీ బండి అయ్యుంటే వద్దనే చెప్పేవాణ్ణి.

సెకండ్ హ్యాండ్ ఇంజన్ తెచ్చి వేసేస్తాం, సగం ఖర్చులో అయిపోతుంది అని ఎవరైనా అంటే తొందరపడకు. ఇంజన్ మారితే నంబర్ మారుతుంది, ఆ కొత్త నంబర్ ఆర్టీఏలో చెప్పి ఆర్సీలో ఎక్కించుకోవాలి, దానికి ఇంజన్ అమ్మినవాడి బిల్లు ఉండాలి. బిల్లు లేని ఇంజన్ ఎక్కణ్ణుంచి వచ్చిందో దేవుడికెరుక, రేపు క్లెయిమ్‌కి వెళ్తే ఇన్సూరెన్స్ వాళ్ళు పట్టుకునేది ఆ నంబర్‌నే.

ఇప్పుడు డబ్బు లెక్క. మీ బండి ఇప్పుడున్న స్థితిలో అమ్మితే ఎంతొస్తుంది, బాగుచేస్తే ఎంతొస్తుంది అని చూడకు, బాగుచేసి అమ్మితే పెట్టింది తిరిగి రాదు, అది ఖాయం. బాగుచేసేది వాడుకోవడానికే. 95 వేలన్నారు కదా, ఇంజన్ దించాక క్లచ్ సెట్, వాటర్ పంప్, టైమింగ్ చైన్ కిట్, మౌంటింగులు కూడా అప్పుడే మార్చాలి, మళ్ళీ దించాలంటే లేబర్ మళ్ళీ కట్టాలి, కాబట్టి లక్షా ఇరవై అనుకో. మూడేళ్ళు నడిచిందంటే నెలకి 3,300 చొప్పున పడింది. కొత్తదానికి 7 లక్షల లోన్ 9 శాతం మీద ఐదేళ్ళకి తీసుకుంటే ఈఎంఐ 14,500 దాటుతుంది, పైన ఇన్సూరెన్స్. మొన్న 2025 సెప్టెంబర్‌లో చిన్న కార్లకి జీఎస్టీ 18 శాతానికి తగ్గించారు కాబట్టి కొత్తవి కొంచెం అందుబాటులోకి వచ్చిన మాట నిజమే, అల్లుడుగారి ఆలోచన తీసిపారేసేది కాదు. కానీ ఈ రెండింటి మధ్యలో ఇంకో నాలుగు లక్షల సెకండ్ హ్యాండ్ బండి కొందాం అనే మాట వస్తే మాత్రం నేను ఒప్పుకోను, ఆ బండి కింద ఏముందో మళ్ళీ మొదట్నుంచీ వెతకాలి, దీని జబ్బులైనా మనకి తెలుసు.

ఆర్సీ కూడా చూసుకో. 2013 రిజిస్ట్రేషన్ అంటే 2028తో 15 ఏళ్ళు నిండుతాయి. ఢిల్లీలో లాగా డీజిల్‌కి 10 ఏళ్ళ గొడవ మనకి లేదు, ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్ళకి రెన్యువల్ చేయించుకోవచ్చు, కాకపోతే ఒకప్పుడు 600 ఉన్న ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది, గ్రీన్ టాక్స్ వేరే. అది పెద్ద లెక్క కాదు, అప్పటికి బాడీ గట్టిగా ఉండటమే లెక్క.

ఒక్క విషయంలో మాత్రం నేను డబ్బు మాట వినను. మీ దాంట్లో ఎయిర్‌బ్యాగులు లేవు కదా. డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ 2019 జూలై నుంచే తప్పనిసరి చేశారు, నీది అంతకుముందుది. మియాపూర్ నుంచి గచ్చిబౌలి ఆఫీసుకి, పిల్లాడి స్కూలుకి తిప్పుకోవడానికైతే బాగుచేయించుకో, హాయిగా వాడుకో. అలా కాకుండా నెలనెలా రాత్రిపూట విజయవాడ హైవే మీద పిల్లాణ్ణి వెనక సీట్లో వేసుకుని రావాలనుకుంటే, ఇంజన్ ఎంత బాగుచేసినా ఆ బండి దానికి సరిపోదు, కొత్తదే తీసుకోండి, ఈఎంఐ కష్టమైతే నాతో మాట్లాడండి. ఇంటికి రావడానికి రైలుంది, బస్సుంది.

పని ఇవ్వాలని తేలితే పార్టు పార్టుకీ రేటు వేరుగా, లేత్ వేరుగా, లేబర్ వేరుగా రాయించుకో, ఇంత దాటితే నాకు ఫోన్ చెయ్యకుండా ముట్టుకోవద్దని చెప్పు, తీసిన పాత పార్టులు ఒక సంచిలో వేసి ఇమ్మను. ఆరు నెలల వారంటీ బిల్లు మీదే రాయాలి. బండి చేతికొచ్చాక మొదటి వెయ్యి కిలోమీటర్లు గట్టిగా తొక్కకు, తర్వాత ఆయిల్, ఫిల్టర్ మార్పించు.

శనివారం నీకు సెలవేగా, ర్యాంప్ మీద ఫోటోలు, కంప్రెషన్ రీడింగులు రెండూ వాట్సాప్‌లో పెట్టు. చూసి ఆ రాత్రికే ఫోన్ చేస్తాను, అల్లుడుగార్ని కూడా పక్కన ఉండమను.

మీ బాబాయి