బాలింతకు వైద్యం అరవై రోజులా, ఏడాదా?

అమెరికాలో తక్కువ ఆదాయమున్న కుటుంబాలకు ప్రభుత్వ ఖర్చుతో వైద్యం అందించే మెడికెయిడ్ పథకం గురించి, ముఖ్యంగా ప్రసవం తరువాత అది ఎంతకాలం వర్తిస్తుందనే విషయం గురించి పాఠకులు అడిగిన ప్రశ్నల్లో నాలుగింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మా అబ్బాయి టెక్సాస్‌లో పీహెచ్‌డీ చేస్తూ విశ్వవిద్యాలయం ఇచ్చే భృతితో నెట్టుకొస్తున్నాడు. డిపెండెంట్ వీసా మీద వెళ్లిన కోడలికి ఇప్పుడు ఏడో నెల. ప్రభుత్వ సాయం ప్రసవమైన అరవై రోజులకు ఆగిపోతుందని ఒకరు, ఏడాది ఉంటుందని మరొకరు చెబుతున్నారు. పురుడు పోయడానికి వెళ్తున్న నేను ఏది నమ్మాలి? (ఒక పాఠకురాలు, వరంగల్)

జవాబు: ఇద్దరూ నిజమే చెప్పారు, కాకపోతే వేర్వేరు కాలాల సంగతి చెప్పారు. మీ కోడలి విషయంలో మాత్రం ఆ రెండూ వర్తించకపోవచ్చు. మెడికెయిడ్ 1965లో మొదలైంది. గర్భిణిగా అందులో చేరిన స్త్రీకి ప్రసవం తరువాత అరవై రోజులు గడిచిన నెలాఖరు వరకు వైద్యం అందించాలనే నియమం 1980ల నడుమ వచ్చి, దాదాపు మూడున్నర దశాబ్దాలు అలాగే ఉండిపోయింది. 2021 మార్చిలో చేసిన అమెరికన్ రెస్క్యూ ప్లాన్ చట్టం ఈ గడువును 12 నెలలకు పెంచుకునే వెసులుబాటును 2022 ఏప్రిల్ 1 నుంచి అయిదేళ్ల పాటు రాష్ట్రాలకు ఇచ్చింది. 2022 డిసెంబరులో చేసిన మరో చట్టం ఆ వెసులుబాటును శాశ్వతం చేసింది. ఇది ఆదేశం కాదు, రాష్ట్రాల ఇష్టానికి వదిలిన అవకాశం. అయినా 2025 చివరినాటికి ఆర్కన్సా, విస్కాన్సిన్ మినహా మిగిలిన రాష్ట్రాలన్నీ ఏడాది గడువుకు మారాయి. టెక్సాస్ 2023లో చట్టం చేసి 2024 మార్చి 1 నుంచి అమలు చేస్తోంది.

అయితే ఈ ఏడాది గడువు మెడికెయిడ్‌లో పూర్తి సభ్యత్వం ఉన్నవారికే వర్తిస్తుంది. గ్రీన్‌కార్డు వచ్చినవారిని కూడా అయిదేళ్లు ఆగమనే నిబంధన ఆ పథకంలో ఉంది. చట్టబద్ధంగా నివసిస్తున్న గర్భిణులను ఈ నిరీక్షణ లేకుండా చేర్చుకోవడానికి 2009 నాటి చట్టం రాష్ట్రాలకు అనుమతి ఇచ్చింది గానీ, టెక్సాస్ ఆ అవకాశాన్ని పిల్లలకే వాడుకుంది, గర్భిణులకు వాడుకోలేదు. మీ కోడలి వంటివారికి అక్కడ దొరికేది సాధారణంగా చిప్ పెరినేటల్ అనే వేరే పథకం. దానిలో లబ్ధిదారుగా లెక్కించేది కడుపులోని బిడ్డను. గర్భిణీ పరీక్షలకు, ప్రసవానికి అది ఉపయోగపడుతుంది, తల్లికి మాత్రం ప్రసవం తరువాత రెండు సార్లు డాక్టరుకు చూపించుకునే వీలు మాత్రమే ఉంటుంది. కాన్పు అయ్యేదాకా రెండు కార్డులూ ఒకేలా పనిచేస్తున్నట్టు కనిపించడం వల్లనే ఈ తేడా చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. అందువల్ల చేతికి వచ్చిన కార్డు మీద పథకం పేరు ఏముందో ఇప్పుడే చూడమనండి. చిప్ పెరినేటల్ అయితే ఆ రెండు దర్శనాలను వృథా చేయకుండా తేదీలు ముందే తీసుకోవాలి. ఆ తరువాతి కాలానికి విశ్వవిద్యాలయం ఇచ్చే కుటుంబ బీమా ఖరీదైనా, కనీసం కోడలి పేరు చేర్చడానికి ఎంతవుతుందో మీ అబ్బాయి కనుక్కోవడం మంచిది. ప్రభుత్వ సాయం తీసుకుంటే గ్రీన్‌కార్డుకు అడ్డొస్తుందేమో అన్న భయం కూడా మీకు ఉండవచ్చు. ఆ నియమం 2019లో కఠినమై, 2022లో సడలింది, ప్రభుత్వాలు మారినప్పుడల్లా మారుతోంది. కనుక దీనికి వాట్సాప్ బృందాల్లో కాకుండా వలస చట్టాలు తెలిసిన న్యాయవాది దగ్గర సమాధానం వెతకండి.

ప్రశ్న: మా ఇళ్లలో పదకొండో రోజున పురుడు, మూడో నెలలో సారె పెట్టి అత్తవారింటికి పంపడం ఆనవాయితీ. అంతటితో బాలింత మామూలు మనిషి అయినట్టే లెక్క. ఏడాది పాటు ప్రజల సొమ్ముతో వైద్యం చేయించడం అతి కాదా? (ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం)

జవాబు: మీ ప్రశ్నలో ఒక మంచి సాక్ష్యం దాగి ఉంది. పచ్చి బాలింతను పదకొండు రోజులకే వదిలేయకుండా మూడు నెలలు పుట్టింట ఉంచుకున్న మన పెద్దలు, కాన్పుతో గండం గడిచిపోదని ఎరిగినవారే. అమెరికా చట్టం అరవై రోజులకే చేతులు దులుపుకుంది.

ఎందుకు ఏడాది అన్న దానికి జవాబు మరణాల లెక్కలో ఉంది. ఆ దేశపు వ్యాధి నియంత్రణ కేంద్రం, 36 రాష్ట్రాల సమీక్షా సంఘాలు 2017 నుంచి 2019 వరకు ఒక్కొక్క కేసునూ విడిగా పరిశీలించి గర్భానికి సంబంధించినవిగా తేల్చిన 1,018 మరణాలను విశ్లేషించింది. వాటిలో కాన్పుకు ముందు జరిగినవి దాదాపు 22 శాతం, కాన్పు రోజున గానీ ఆ తరువాతి వారంలో గానీ జరిగినవి 25 శాతం. మిగిలిన 53 శాతం ఏడో రోజు తరువాత ఏడాది లోపల జరిగాయి, అందులోనూ 30 శాతం మరణాలు 43వ రోజు దాటాకే సంభవించాయి. మొత్తం మీద ప్రతి అయిదింటిలో నాలుగుకు పైగా నివారించదగినవేనని ఆ సంఘాలు నిర్ధారించాయి. ప్రమాదం ఏడాదంతా పొంచి ఉంటే కార్డు రెండు నెలలకే చెల్లిపోయేదన్న మాట.

ఆ మరణాలకు అన్నిటికన్నా పెద్ద కారణం రక్తస్రావం అనుకుంటాం. కానీ ఆ విశ్లేషణలో మొదటి స్థానం ఆత్మహత్య, మాదకద్రవ్యాల మోతాదు మించడం వంటివి కలిసిన మానసిక ఆరోగ్య కారణాలది, 23 శాతం. రక్తస్రావం 14 శాతంతో, గుండె జబ్బులు 13 శాతంతో ఆ తరువాత వచ్చాయి. ప్రసవానంతర కుంగుబాటు మొదటి ఏడాదిలో ఎప్పుడైనా మొదలు కావచ్చు. ఇల్లు నిండా చుట్టాలున్న మొదటి నెలలో కన్నా అందరూ వెళ్లిపోయాక అది బయటపడే సందర్భాలు తక్కువేమీ కావు. కాన్పు తరువాత అయిదు నెలల లోపు గుండె కండరం బలహీనపడే జబ్బు ఒకటి ఉంది. నాలుగు అడుగులు వేస్తే ఆయాసం, వెల్లకిలా పడుకోలేకపోవడం, కాళ్ల వాపు దాని గుర్తులు. బాలింత నీరసమనో నిద్ర చాలకనో అనుకొని వీటిని కొట్టిపారేయడం అక్కడా ఇక్కడా ఒకటే.

మనవారికి మరీ దగ్గరి ఉదాహరణ గర్భిణీ మధుమేహం, దక్షిణాసియా స్త్రీలలో అది ఎక్కువ. అది వచ్చినవారు కాన్పు తరువాత నాలుగు నుంచి పన్నెండు వారాల మధ్య గ్లూకోజు తాగి చేయించుకునే పరీక్షకు వెళ్లాలని, ఆ తరువాత కూడా ఒకటి నుంచి మూడేళ్లకు ఒకసారి జీవితాంతం చూపించుకోవాలని వైద్యులు చెబుతారు. పన్నెండో వారం అంటే 84వ రోజు. పరీక్షకు వైద్యశాస్త్రం ఇచ్చిన గడువు ముగియకముందే చాలామందికి చట్టం ఇచ్చిన గడువు ముగిసిపోయే రోజులవి. తల్లికి చక్కెర ఉందని తేలినా మందులు ఎవరు ఇస్తారు? టెక్సాస్ వంటి రాష్ట్రాల్లో గర్భిణికి ఆదాయ పరిమితి పేదరికపు రేఖకు దాదాపు రెండింతలు ఉండగా, అదే స్త్రీ గర్భిణి కాకుండా కేవలం తల్లిగా మిగిలాక కుటుంబ ఆదాయం నెలకు కొన్ని వందల డాలర్లు దాటితే అనర్హురాలవుతుంది. కడుపులో బిడ్డ ఉన్నంత కాలం అర్హురాలై, బిడ్డ ఒడిలోకి వచ్చాక అనర్హురాలు కావడం నా దృష్టిలో ఖజానాకు మిగులు కాదు. ఆ దేశంలో పది కాన్పుల్లో నాలుగింటికి మెడికెయిడే ఖర్చు పెడుతోంది, అదుపు తప్పిన రక్తపోటుతోనో చక్కెరతోనో ఆమె మళ్లీ గర్భవతి అయితే ఆ ఖర్చూ దాని మీదే పడుతుంది.

ప్రశ్న: నేను అమెరికా పౌరురాలిని, న్యూజెర్సీలో ఉంటాను. మెడికెయిడ్ మీద కాన్పు అయి నాలుగు నెలలయింది. ఇప్పుడు ఉద్యోగంలో చేరాను. జీతం పరిమితి దాటింది కనుక కార్డు తిరిగి ఇచ్చేయాలా? (ఒక పాఠకురాలు, ఎడిసన్)

జవాబు: అవసరం లేదు. ప్రసవానంతర గడువులో ఆదాయం పెరిగినా, కుటుంబంలో మార్పులు వచ్చినా పన్నెండో నెలాఖరు వరకు సభ్యత్వం కొనసాగుతుంది. మీరే వద్దని కోరినా, వేరే రాష్ట్రానికి మారినా, మొదట తప్పుడు వివరాలతో చేరినట్టు తేలినా మాత్రమే ముందుగా ఆగుతుంది. గర్భం నిలవక పోయినవారికీ, మృతశిశువును కన్నవారికీ ఇదే హక్కు ఉంది. ఆ దుఃఖంలో ఉన్నవారు తమకు వర్తించదనుకొని ఊరుకుంటారు కనుక ప్రత్యేకంగా చెబుతున్నాను. కొత్త ఉద్యోగంలో బీమా తీసుకుంటే మొదట అది చెల్లిస్తుంది, మిగిలినది మెడికెయిడ్ చూసుకుంటుంది. మీ పాపకు మొదటి పుట్టినరోజు వరకు వేరే దరఖాస్తు లేకుండానే సభ్యత్వం ఉంటుంది. ఇల్లు మారితే చిరునామా వెంటనే మార్పించండి, ఎందుకంటే అర్హతను మళ్లీ పరిశీలించడానికి గడువు ముగిసే ముందు వచ్చే ఉత్తరం పాత ఇంటికి పోతే అర్హత ఉన్నవారు కూడా కాగితాల మీద అనర్హులవుతారు. సభ్యత్వం పోయిన తరువాత ప్రైవేటు బీమా కొనుక్కోవడానికి ప్రత్యేక గడువు ఉంటుంది, దాన్ని దాటనీయకండి.

ప్రశ్న: నేను ఆశా కార్యకర్తను. 42వ రోజు చూసి వచ్చాక బాలింత పేరు మా రిజిస్టరులో ముగిసిపోతుంది. అమెరికాలాగా మన దగ్గర ఆ తరువాత ఏమైనా ఉందా? (శ్రీకాకుళం జిల్లా)

జవాబు: 42 రోజుల లెక్క మీ రిజిస్టరులోనే కాదు, ప్రపంచ ఆరోగ్య సంస్థ మాతృ మరణానికి ఇచ్చిన నిర్వచనంలోనే ఉంది. అందుకే 43వ రోజున పోయిన తల్లి మాతృ మరణాల రేటులో కనిపించదు. 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం తల్లికి ఉచిత సేవలను 42 రోజులకు పరిమితం చేసింది, జబ్బుపడిన బిడ్డకు మాత్రం ఏడాది వరకు ఇస్తుంది. మన దగ్గర వైద్యం తారీఖుతో తెగిపోదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తపోటుకూ చక్కెరకూ మందులు ఎప్పుడైనా ఉచితమే. ఆసుపత్రిలో చేరవలసిన పెద్ద జబ్బులకు ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో ఆరోగ్యశ్రీ ఉన్నాయి. మనకు లోపించినది కార్డు కాదు, 42వ రోజు తరువాత ఆమెను పేరు పెట్టి పలకరించే మనిషి. ఇక్కడ మీ చేతిలో ఒక అవకాశం ఉంది. బిడ్డ ఎదుగుదల చూడటానికి మూడు, ఆరు, తొమ్మిది, పన్నెండు, పదిహేను నెలలకు మీరు ఆ ఇంటికి ఎలాగూ వెళ్తారు. ఆ కాగితంలో తల్లికి గడి లేకపోయినా, కాన్పులో రక్తపోటు గానీ చక్కెర గానీ ఉన్నవారిని మూడో నెలలో ఒకసారి కేంద్రానికి పంపండి. నిద్ర పడుతోందా, ఆయాసం వస్తోందా, బిడ్డ మీద విసుగు పుడుతోందా అని అత్తగారు పక్కన లేనప్పుడు అడగండి. మనసు బాగాలేదని ఎవరైనా చెబితే ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలిమానస్ 14416కు తెలుగులోనే మాట్లాడవచ్చునని చెప్పి, మొదటిసారి మీరే కలిపి ఇవ్వండి.