బలహీనమైన పిల్లలు: ముందు పొట్టేళ్ల లెక్క చూడండి

మీ అరుదైన జాతి గొర్రెలకు బలహీనమైన పిల్లలు పుడుతున్నాయని అడిగారు. కారణం మేత కాకపోవచ్చు, దగ్గరి చుట్టరికపు దాటింపులే (ఒకే కుటుంబపు జీవాలు జత కట్టడమే) అయ్యుంటాయి. ఆరు ఫారాల్లో కలిపి 60 ఆడ గొర్రెలు, వాటన్నిటికీ రెండే పొట్టేళ్లు అన్నారు. జన్యుపరంగా ఆ మంద దాదాపు 8 జీవాలతో సమానం (4 × పొట్టేళ్లు × ఆడవి ÷ మొత్తం జీవాలు, అంటే 4×2×60÷62). ఫారానికొకటి చొప్పున ఆరు పొట్టేళ్లయితే అది 22 దాకా వస్తుంది.

1. చుట్టరికం లేని పొట్టేళ్లు ఎన్ని దొరికితే అన్ని తెచ్చి ఆరు చేయండి. తేగానే మందలో కలపొద్దు, ముందు బ్రూసెల్లా (గొర్రెల్లో గర్భస్రావాలు తెచ్చే అంటు క్రిమి) పరీక్ష చేయించండి.

2. ఫారాలకు వరుస నంబర్లు ఇవ్వండి. ఆడపిల్లలు పుట్టిన చోటే ఉండాలి. పొట్టేలు పిల్ల 1 నుంచి 2కి, 2 నుంచి 3కి, చివరికి 6 నుంచి 1కి. ఈ దిశ ఎప్పటికీ మార్చొద్దు.

3. అందరూ తప్పేది ఇక్కడే. ప్రతి పొట్టేలుకూ వారసుడిగా దాని సొంత కొడుకే రావాలి, అయితే పైన చెప్పినట్టు తర్వాతి నంబరు ఫారంలో. కొమ్ములు బాగా తిరిగి, ఛాతీ వెడల్పుగా ఉన్న ఒక్క పొట్టేలు పిల్లలనే అందరూ అడుగుతారు. ఇస్తే రెండు తరాల్లో ఆరు ఫారాల్లోనూ అన్నదమ్ములే మిగులుతారు, ఇక ఎంత తిప్పినా లాభం ఉండదు. చూడటానికి మామూలుగా ఉన్న పొట్టేలు వంశాన్ని కూడా దయచేసి వదులుకోవద్దు, అరుదైన జాతిలో పోయిన వంశం తిరిగి రాదు.

4. పిల్ల పుట్టిన రోజే చెవికి ట్యాగ్ వేసి, తల్లి, తండ్రి నంబర్లు రాయండి. మర్నాటికి ఎవరి పిల్ల ఏదో కలిసిపోతుంది.

5. కూతుళ్లు ఎదకు రాకముందే తండ్రిని ఆ ఫారం నుంచి తీసేయండి.