మిద్దెల మీద కరెంటు పెట్టబోతున్న మేనకోడలికి

చిత్తూరు

బుజ్జమ్మా,

ఉద్యోగం మానేసి తిరుపతిలో సోలార్ ప్యానెళ్ళు బిగించే పని మొదలుపెడుతున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. చెబుతూ ఏడ్చింది. నేను మాత్రం మీ అత్తను పిలిచి, "మన ఇంట్లో కరెంటు పని నాతో ఆగిపోలేదు" అని చెప్పాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సంతోషం ఎంతుందో భయం అంతే ఉంది. అందుకే ఈ ఉత్తరం.

తెలిసిన సంగతులు ముందు చెప్పేస్తాను. నీడ పడని చోటు చూసుకో, కిలోవాట్‌కు వంద చదరపు అడుగులు లెక్కవేసుకో. ప్యానెళ్ళ ముఖం దక్షిణానికి ఉండాలి. మన తిరుపతికి వాలు పద్నాలుగు డిగ్రీల దగ్గర ఉంటే చాలు. పిడుగును భూమిలోకి దించే లైట్నింగ్ అరెస్టర్‌కు, ప్యానెళ్ళ నుంచి దిగే డీసీ వైపుకు, ఇంటికి పోయే ఏసీ వైపుకు వేర్వేరు ఎర్త్ గుంతలు తీయించు. కోతులు తిరిగే వీధుల్లో కేబుల్ బయటికి కనిపించకూడదు, పైపులోనే పోవాలి.

ఇంక నువ్వు జనానికి చెప్పబోయే మాటల గురించి. "బిల్లు సున్నా వస్తుంది" అని ఎవరికీ మాట ఇవ్వొద్దు. మూడు కిలోవాట్లు పెడితే రోజుకు సుమారు పన్నెండు యూనిట్లు వస్తాయని చెప్పు. కేంద్రం 2024లో పెట్టిన సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఉందని చెప్పు. మబ్బు పట్టిన రోజుల్లో తగ్గుతుందనీ చెప్పు. మే నెలలో ఎండ మండిపోతుంది కాబట్టి కరెంటు కూడా అదరగొడుతుందని చాలామంది అనుకుంటారు. ప్యానెల్ వేడెక్కేకొద్దీ దాని రాబడి పడిపోతుంది. ప్యానెల్ కింద గాలి ఆడేంత ఎత్తు వదలమనేది అందుకే. డబ్బు మిగులుతుందని స్టాండ్ పొట్టిగా చేయించే వాళ్ళ మాట వినకు.

నువ్వు ఎంచుకున్న పని ఎంత పెద్దదో నీకు తెలుసో లేదో. మా తాత కుప్పం నుంచి కోలారు బంగారు గనుల్లో పనికి పోయినవాడు. కావేరి మీద శివసముద్రం దగ్గర తీసిన కరెంటు 1902లోనే దాదాపు 150 కిలోమీటర్ల దూరం తీగల మీద ఆ గనులకు వచ్చింది. దాన్ని మా తాత కథలా చెప్పేవాడు. కరెంటు డిపార్ట్‌మెంటులో నా సర్వీసంతా కూడా అంతే, కరెంటు ఎక్కడో పుట్టి మన దగ్గరికి వచ్చేది. శ్రీశైలంలో నీళ్ళు, ముద్దనూరు దగ్గర బొగ్గు, తర్వాత కృష్ణపట్నంలో బొగ్గు. పెద్ద లైన్ల మీద లక్షల వోల్టులతో బయలుదేరి, సబ్‌స్టేషన్లలో దిగుతూ దిగుతూ 33 కేవీ, 11 కేవీ (అంటే 33 వేలు, 11 వేల వోల్టులు) అయి, వీధి ట్రాన్స్‌ఫార్మర్ దాటి ఇంట్లోకి 230 వోల్టులుగా వచ్చేది. వచ్చే దారి ఒక్కటే కాబట్టి పై స్విచ్ తీసేస్తే కింద తీగ చచ్చిపోయినట్టే అని మేము నమ్మేవాళ్ళం. నువ్వు ఇప్పుడు ఆ దారిని తిప్పుతున్నావు. ప్రతి మిద్దె మీదా ఒక చిన్న కరెంటు ఫ్యాక్టరీ పెడుతున్నావు. నాకు గర్వమూ అక్కడే, దిగులూ అక్కడే.

తొంభైల చివర్లో ఒక నవంబరు తుపాను రాత్రి. తిరుపతి శివార్లలో చెట్టు పడి, ఇళ్ళకు పోయే ఎల్‌టీ లైను తెగింది. మేము సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ, అంటే లైను ఆపి పని చేసుకునే అనుమతి తీసుకున్నాం, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర లైను విడదీసే ఏబీ స్విచ్ తీశాం. తెగిన తీగకు అవతల ఒక కల్యాణ మండపం, చీకట్లో ఉన్న నాలుగైదు ఇళ్ళు. మాలో అందరికంటే చిన్నవాడు స్తంభం ఎక్కాడు. కొత్తగా పెళ్ళయినవాడు, పని నేర్చుకోవాలనే ఆత్రం ఉన్నవాడు. అవతలి తీగను చేత్తో పట్టుకున్నాడు. ఒక్క అరుపు వినబడింది, మనిషి కింద ఉన్నాడు.

మండపంలో పెళ్ళి జరుగుతోంది. మావాడు స్తంభం మీద ఉండగానే అక్కడి కుర్రాడెవరో జనరేటర్ స్టార్ట్ చేశాడు. ఆ మండపానికి వైరింగ్ చేసిన మనిషి, లైనూ జనరేటరూ ఒకేసారి కలవకుండా చూసే చేంజోవర్ స్విచ్ పెట్టలేదు. జనరేటర్ వైరును నేరుగా బోర్డుకు కలిపి, "స్టార్ట్ చేసే ముందు మెయిన్ స్విచ్ ఆపండి" అని నోటితో చెప్పి పోయాడు. పెళ్ళి హడావిడిలో అది ఎవరికి గుర్తుంటుంది? జనరేటర్ కరెంటు మీటర్ దాటి, సర్వీసు వైరు మీదుగా వెనక్కి వచ్చి స్తంభం ఎక్కింది. లైను తెగి ఉండకపోతే వీధి మొత్తం లోడు మీద పడి జనరేటర్ ఆగిపోయేదేమో. తెగిన ముక్క కాబట్టి హాయిగా మోసింది. అదే ఆ కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ దాకా పోయి ఉంటే అవతలి వైపు 11 కేవీ అయ్యేది. ట్రాన్స్‌ఫార్మర్‌కు ఎటు నుంచి ఇచ్చినా ఒకటే బుజ్జమ్మా, అది మనిషిని చూసి పని చేయదు.

స్తంభం ఎక్కినవాడు బతికాడు. నడుము ఎముక విరిగింది, మళ్ళీ స్తంభం ఎక్కలేదు. ఆ వైరింగ్ చేసిన మనిషి చెడ్డవాడు కాదు, పని తెలిసినవాడే. ఓనరు ఖర్చు తగ్గించమంటే తగ్గించాడు, అంతే. నేను ఆస్పత్రి వరండాలో ఆ పడినవాడి భార్య పక్కన కూర్చున్నాను. ఆమె నన్ను అడిగింది ఒక్కటే: "స్విచ్ ఆపేశారు కదన్నా, కరెంటు ఎక్కడి నుంచి వచ్చింది?"

ఈ కథ నీకెందుకంటే, రేపు నీ కస్టమర్ నిన్ను నిలదీస్తాడు. "ఇంత డబ్బు పోసి మిద్దె నిండా ప్యానెళ్ళు పెట్టించాను, పట్టపగలు లైన్ కరెంటు పోతే నా ఇంట్లో ఫ్యాన్ కూడా తిరగడం లేదేంటి?" అంటాడు. లైను పోయిన రెండు సెకన్లలోపు, ప్యానెళ్ళ డీసీని ఏసీగా మార్చి లైనుకు కలిపే గ్రిడ్ ఇన్వర్టర్ తనంతట తాను ఆగిపోవాలి, స్తంభం మీది మనిషి కోసమే ఆ ఏర్పాటు. ఈ మాట డబ్బు తీసుకోకముందే చెప్పు. కరెంటు పోయినా నడవాలనుకుంటే బ్యాటరీ, దానితోనూ నడిచే హైబ్రిడ్ ఇన్వర్టర్, వేరే బోర్డు పెట్టుకోవాలి, ఖర్చు ఇంత అని రాసివ్వు. ఎవడో తెలివైనవాడు వచ్చి, "జనరేటర్ కలిపి, లైను ఉన్నట్టు ఇన్వర్టర్‌ను నమ్మించేద్దాం మేడం" అంటాడు. ఆ పని నువ్వు చేస్తే నా ముఖం చూడొద్దు. కోపంగా రాశాను, అయినా కొట్టేయను.

ఇంకో భయం. నేను జీవితమంతా చూసింది ఏసీ. ఏసీలో నిప్పురవ్వ లేచినా కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు దిగుతుంది కాబట్టి ఆరిపోయే అవకాశం ఉంటుంది. ప్యానెళ్ళ నుంచి దిగేది డీసీ, వరసగా ఏడెనిమిది కలిపితే మూడు వందల వోల్టులు, దానికి సున్నా లేదు. లోడు నడుస్తుండగా కనెక్టర్ ఊడబెరికితే మంట పట్టుకుని వదలదు. ముందు ఇన్వర్టర్ ఆపు, తర్వాత డీసీ స్విచ్, ఆ తర్వాతే కనెక్టర్. రెండు కంపెనీల కనెక్టర్లు ఒకదాంట్లో ఒకటి దూర్చొద్దు. ఎండ ఉన్నంతసేపు ప్యానెల్‌ను ఆపే స్విచ్ ఈ లోకంలో లేదని నీ దగ్గర చేరే ప్రతి కుర్రాడికీ మొదటి రోజే చెప్పు.

నడుముకు బెల్టు లేకుండా మిద్దె అంచుకు పోవద్దు. మధ్యాహ్నం ఎండలో పని పెట్టుకోకు, పొద్దున ఆరింటికే మొదలుపెట్టు. చిన్నప్పుడు నువ్వు నా టెస్టర్ తీసుకుని గోడలకు గుచ్చుతుంటే తిట్టేవాణ్ణి, గుర్తుందా? తిట్టకుండా నేర్పి ఉంటే బాగుండేదని ఈ మధ్య అనిపిస్తోంది. సరే, నువ్వే నేర్చుకున్నావు.

ఒక్క పని తప్పకుండా చెయ్యి. ఏ వీధిలో పని చేసినా ఆ ఏరియా లైన్‌మన్ నంబరు తీసుకో, ఏయే ఇళ్ళ మీద సోలార్ పెట్టావో అతనికి చెప్పు. మీటర్ బోర్డు మీద తెలుగులో పెద్ద అక్షరాలతో "ఇక్కడ రెండు వైపుల నుంచి కరెంటు ఉంది" అని స్టిక్కర్ అంటించు.

మీ అమ్మతో నేను మాట్లాడతాను. మొదటి ఇంటి పని ఏ రోజో చెప్పు, పొద్దున బస్సుకే వచ్చేస్తాను. మోకాళ్ళ నొప్పులతో మిద్దె ఎక్కలేను, కింద మీటర్ దగ్గర నిలబడి నీ ఎర్త్ వైర్లు నేనే చూస్తాను.

మీ మామ