ముందు, వెనక యాక్సిల్ రేషియోలు వేరైతే ఏమవుతుంది?

పాత ఫోర్ వీల్ జీపుకి చెన్నై పుదుపేట పాత విడిభాగాల మార్కెట్‌లో దొరికిన వెనక యాక్సిల్ వేయించవచ్చా అని అడిగారు. ముందు యాక్సిల్ రేషియో 4.10, దీనిది 4.56 అన్నారు. వద్దండీ.

రేషియో అంటే చక్రాలు ఒక చుట్టు తిరగడానికి వాటిని తిప్పే ప్రొపెల్లర్ షాఫ్టు ఎన్ని చుట్లు తిరగాలన్నది. యాక్సిల్ లోపలి పెద్ద పళ్లచక్రం క్రౌన్‌కి 41 పళ్లు, దాన్ని తిప్పే చిన్న పళ్లచక్రం పినియన్‌కి 10 ఉంటే రేషియో 4.10. పినియన్‌కి 9 ఉంటే 4.56. ఫోర్ వీల్ వేయగానే ట్రాన్స్‌ఫర్ కేస్ (ఇంజిన్ శక్తిని ముందు, వెనక యాక్సిల్‌లకు పంచే పెట్టె) రెండు ప్రొపెల్లర్ షాఫ్టులనూ ఒకే వేగంతో తిప్పుతుంది. అంటే ముందు చక్రాలు వెనకవాటికంటే దాదాపు 11 శాతం వేగంగా తిరగాలని చూస్తాయి. బురదలో, ఇసుకలో టైర్లు జారి ఆ తేడాను కొంత సర్దుకుంటాయి. పొడి తారురోడ్డు మీద అలా జారలేవు. షాఫ్టుల్లో మెలి బిగుసుకుంటుంది, లివర్ టూ వీల్‌లోకి రాదు, చివరికి షాఫ్టు కొసనుండే యూనివర్సల్ జాయింటో ట్రాన్స్‌ఫర్ కేసో పోతుంది. ఎప్పుడూ టూ వీల్‌లోనే నడిపితే ఈ బాధ లేదు, కానీ అలాంటప్పుడు ఫోర్ వీల్ బండి ఎందుకు?

4.10, 4.11 లాంటి తేడాకి టెన్షన్ పడొద్దు. టైర్ల అరుగుదలే అంతకంటే ఎక్కువ తేడా తెస్తుంది.

లాకర్ (రెండు పక్కల చక్రాలనూ కలిపి ఒకే వేగంతో తిప్పే పరికరం) లేని యాక్సిల్ అయితే కొనేముందు రేషియో అక్కడే చూసుకోండి. చక్రం బిగించే హబ్‌లలో ఒకదాన్ని కదలకుండా పట్టుకుని రెండోదాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పండి. పినియన్ ఫ్లాంజ్ (ప్రొపెల్లర్ షాఫ్టు బిగించే చోటు) నాలుగు చుట్లు కాస్త దాటితే 4.10, నాలుగున్నర దాటితే 4.56.