డాక్యుమెంటరీ వచ్చేదాకా అప్పీలు ఆపవచ్చా?

ప్రశ్న: హత్య కేసులో మా అన్నయ్యకు సెషన్స్ కోర్టు యావజ్జీవ కారాగార శిక్ష విధించి ఏడు నెలలైంది. ఆయన ఏ పాపం ఎరుగరు. కేసులో ఉన్న ఒకే ఒక్క ప్రత్యక్ష సాక్షి, హంతకుడి ముఖం తాను చూడనేలేదని, పోలీసులు చెప్పమన్నదే కోర్టులో చెప్పానని ఇటీవల ఒక డాక్యుమెంటరీ దర్శకుడి కెమెరా ముందు ఒప్పుకున్నాడు. ఇప్పుడు అప్పీలు వేస్తే కేసు కోర్టులో ఉందంటూ ప్రసారానికి అడ్డుపడతారని, డాక్యుమెంటరీ విడుదలై జనం మా వైపు నిలిచాక వేసుకోవచ్చని దర్శకుడు అంటున్నారు. మా కథపై సర్వహక్కులూ రాసిమ్మని ఒప్పంద పత్రం కూడా పంపారు. సాక్షి మాట్లాడిన క్లిప్పును ముందే యూట్యూబులో పెట్టవచ్చా? డాక్యుమెంటరీని హైకోర్టుకు చూపిస్తే అన్నయ్య విడుదలవుతారా?
– ఒక సోదరి

జవాబు: సాక్షి గురించి, దర్శకుడి గురించి, ఆ క్లిప్పు చూసి మీ అమ్మగారు పడిన వేదన గురించి మీరు వివరంగా రాశారు. అప్పీలు వేసిన తేదీ మాత్రం ఉత్తరంలో ఎక్కడా లేదు. మీ అన్నయ్య విషయంలో ఇప్పుడు అన్నిటికన్నా ముందు తేలవలసింది అదే. సెషన్స్ కోర్టు విధించిన యావజ్జీవ శిక్షపై హైకోర్టుకు అప్పీలు చేసుకోవడానికి 1963 నాటి కాలపరిమితి చట్టం, 115వ అధికరణం ప్రకారం, ఇచ్చిన గడువు 60 రోజులు. మీకు ఏడు నెలలు గడిచాయి. తీర్పు నకలు అందలేదని చెప్పుకోవడానికి కూడా పెద్దగా వీలుండదు. శిక్ష పడిన వెంటనే ముద్దాయికి తీర్పు ప్రతిని ఉచితంగా ఇవ్వాలని క్రిమినల్ కేసుల విచారణ పద్ధతిని నిర్దేశించే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 404వ సెక్షన్ చెబుతోంది. మనిషి జైలులో ఉండగా కుటుంబమంతా ఒక ప్రసార తేదీ కోసం ఎదురుచూస్తూ కూర్చోవడం క్షమించరాని అజాగ్రత్త. ఈ మాట మీకు కష్టంగా ఉన్నా చెప్పక తప్పదు.

దర్శకుడి సలహాలో ఎవరి ప్రయోజనం ఉందో గమనించండి. 1971 నాటి కోర్టు ధిక్కరణ చట్టం 3వ సెక్షన్ వివరణ ప్రకారం, క్రిమినల్ కేసు తీర్పుతో ముగిసినట్లు కాదు. అప్పీలు వేస్తే అది తేలేవరకు, వేయకపోతే అప్పీలు గడువు తీరేవరకు ఆ కేసు నడుస్తున్నట్లే లెక్క. అంటే మీరు గడువు దాటబెట్టిన కొద్దీ ఆయన ప్రసారానికి చిక్కులు తగ్గుతాయి, మీ అన్నయ్యకు పెరుగుతాయి. ఆయనకు దురుద్దేశం ఉందని నేను అనను. అయితే ఆయన కాపాడుకుంటున్నది తన చిత్రాన్ని. పైగా కేసు నడుస్తున్నంత మాత్రాన ప్రసారం ఆగిపోతుందన్నదీ నిజం కాదు. షీనా బోరా హత్య కేసులో విచారణ సాగుతుండగానే దానిపై ఒక డాక్యుమెంటరీ ధారావాహిక విడుదలను ఆపాలని 2024 ఫిబ్రవరిలో సీబీఐ కోరింది. బొంబాయి హైకోర్టు న్యాయమూర్తులు దానిని స్వయంగా చూసి, విచారణకు హాని కలిగించేది అందులో లేదని భావించి, ఆపడానికి నిరాకరించారు.

ఇక డాక్యుమెంటరీ చూపిస్తే కోర్టు నమ్ముతుందా అన్న ప్రశ్న. చూసేవారు నమ్ముతారు, సందేహం లేదు. ఏళ్ల తరబడి సాగిన విచారణలోని ఎన్నో వాంగ్మూలాలను, పంచనామాలను, నివేదికలను దర్శకుడు కొద్ది గంటలకు కుదిస్తాడు. ఏది ఉంచాలో, ఏది వదిలేయాలో, ఏ కన్నీటి తరువాత ఏ పోలీసు అధికారి ముఖం రావాలో అతడే నిర్ణయిస్తాడు. ప్రాసిక్యూషన్ వారు మాట్లాడటానికి ఇష్టపడకపోతే వారి వాదన తెర మీదికి రానే రాదు, ఆ మౌనమే వారి నేరంలా కనిపిస్తుంది. తెర మీది సాక్షిని ఎవరూ క్రాస్ ఎగ్జామినేషన్ చేయరు. పూర్తిగా చూసినవారికి హంతకుడెవరో తెలిసిపోయినట్లే అనిపిస్తుంది. హైకోర్టు వేసుకునే ప్రశ్న వేరు: రికార్డులో ఉన్న సాక్ష్యంతో నేరం సందేహానికి తావులేకుండా రుజువైందా? ప్రేక్షకులు ఎంత బలంగా నమ్మినా, ఆ నమ్మకం రికార్డులోకి రాదు.

అమెరికాలోని విస్కాన్సిన్‌లో జరిగిన ఒక హత్య కేసుపై 2015 డిసెంబరులో వచ్చిన ధారావాహిక చూసి, శిక్ష పడినవారికి క్షమాభిక్ష పెట్టమని లక్షమందికి పైగా అధ్యక్షుడికి అర్జీ పెట్టుకున్నారు. అది రాష్ట్ర కోర్టు విధించిన శిక్ష కనుక అధ్యక్షుడికి అధికారం లేదని 2016 జనవరిలో శ్వేతసౌధం జవాబిచ్చింది. అదే కేసులో శిక్ష పడిన యువకుడి నేరాంగీకారం స్వచ్ఛందం కాదని 2016లో ఒక ఫెడరల్ జడ్జి శిక్షను కొట్టివేసినా, 2017లో అప్పీలు కోర్టు పూర్తి ధర్మాసనం నలుగురికి ముగ్గురి మెజారిటీతో ఆ తీర్పును రద్దు చేసింది, 2018లో అమెరికా సుప్రీంకోర్టు జోక్యానికి నిరాకరించింది. కోర్టులన్నీ చర్చించింది ఆ నేరాంగీకారం గురించే.

డాక్యుమెంటరీ వల్ల విడుదలైన వారు లేరా అని మీరు అడగవచ్చు. ఉన్నారు. 1976లో డల్లాస్‌లో జరిగిన పోలీసు అధికారి హత్యలో రాండల్ డేల్ ఆడమ్స్‌కు శిక్ష పడింది. ఎరాల్ మోరిస్ 1988లో తీసిన చిత్రం ఆ కేసులోని సాక్ష్యాల డొల్లతనాన్ని బయటపెట్టింది. అయినా ఆడమ్స్‌కు విముక్తి తెచ్చింది, ఆ తరువాత జరిగిన కోర్టు విచారణలో ప్రధాన సాక్షి ప్రమాణం చేసి తన మాట వెనక్కి తీసుకోవడం, దానిని పరిశీలించి 1989లో అప్పీలు కోర్టు శిక్షను రద్దు చేయడం. బయటికి వచ్చాక ఆడమ్స్ తన జీవితకథ హక్కుల కోసం అదే దర్శకుడితో న్యాయపోరాటం చేయవలసి వచ్చింది. చివరికి రాజీ కుదిరింది. మీ చేతిలో ఉన్న ఒప్పందంపై సంతకం పెట్టేముందు ఈ సంగతి గుర్తుంచుకోండి. సర్వహక్కులూ రాసిస్తే, రేపు హైకోర్టులో దాఖలు చేయవలసిన ఉత్తరాలకు, ఫోటోలకు కూడా ఆయన అనుమతి అడగవలసిన పరిస్థితి రావచ్చు. అసలు పత్రాలు ఏవీ ఇవ్వకండి. కోర్టు పనికి, న్యాయవాదులకు ఇవ్వడానికి ఎలాంటి ఆటంకం ఉండకూడదని, ఎడిటింగ్‌కు ముందున్న పూర్తి ఫుటేజీని భద్రపరచి అడిగినప్పుడు ఇవ్వాలని రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే మాట్లాడండి.

క్లిప్పును యూట్యూబులో పెట్టవద్దు. మిమ్మల్ని ఆకర్షిస్తున్న దగ్గరిదారి ఇదే, అతి ప్రమాదకరమైనదీ ఇదే. కోర్టులో అబద్ధం చెప్పానని ఆ సాక్షి ఒప్పుకున్నాడంటే, ఏడేళ్ల వరకు శిక్ష పడగల నేరాన్ని తన నోటితో ఒప్పుకున్నట్లే. మరణశిక్ష పడగల నేరంలో అబద్ధపు సాక్ష్యమైతే శిక్ష ఇంకా ఎక్కువ. క్లిప్పు బయటికి వచ్చిన మరునాడే భయపడి, డబ్బు ఆశ చూపి చెప్పించారని, మాటలు కత్తిరించి అతికించారని అంటాడు. ఆ మాటతో మీకున్న ఒకే ఒక్క కొత్త ఆధారం పోతుంది, మీ మీద కేసు వస్తుంది. అందుకే మీరుగానీ మీ బంధువులుగానీ అతడిని కలవవద్దు, ఫోన్ చేయవద్దు, ఒక్క రూపాయి ఇవ్వవద్దు.

చేయవలసింది ఇది. మీ అన్నయ్య జైలు సూపరింటెండెంట్ ద్వారా ఇప్పటికే అప్పీలు పంపారేమో ఈ వారమే కనుక్కోండి. సంహిత 424వ సెక్షన్ ఆ వీలు కల్పించింది. పంపి ఉంటే కాలపరిమితి చిక్కు దాదాపు తీరినట్లే. అయితే హైకోర్టులో దానికి నంబరు పడిందో లేదో చూసుకోండి. ఉత్తరప్రదేశ్‌లోని లలిత్‌పూర్ కేసులో ఒక ఖైదీ జైలు నుంచి పంపిన అప్పీలు లోపాలు సరిచేసేవారు లేక 16 ఏళ్లు అలాగే పడి ఉంది. 2021లో అలహాబాద్ హైకోర్టు ఆయనను నిర్దోషిగా తేల్చేనాటికి జైలులో 20 ఏళ్లు గడిచిపోయాయి.

పంపకపోతే, అప్పీలుతో పాటు కాలపరిమితి చట్టం 5వ సెక్షన్ కింద ఆలస్యం మన్నించమని పిటిషన్ వేయాలి. యావజ్జీవ శిక్షల్లో హైకోర్టులు సాధారణంగా ఉదారంగానే చూస్తాయి, కారణం నిజమైనదై ఉండాలి. ఆయన జైలులో ఉండటం, మీ ఆర్థిక స్థితి, మిమ్మల్ని తప్పుదారి పట్టించిన సలహా, అన్నీ తేదీలతో ఉన్నవి ఉన్నట్లు రాయండి. ఎవరైనా దొంగ మెడికల్ సర్టిఫికెట్ తెచ్చిపెడతామంటే ఒప్పుకోవద్దు. అది బయటపడితే మిగతా నిజాలను కూడా ఎవరూ నమ్మరు. సంహిత 430వ సెక్షన్ కింద శిక్ష నిలిపివేసి బెయిలు ఇవ్వమని అడగడానికి కూడా ముందు అప్పీలు ఉండాలి.

సాక్షి కొత్త మాటను రికార్డులోకి తేవడానికి సంహిత 432వ సెక్షన్ ఉంది. అవసరమనుకుంటే హైకోర్టు అదనపు సాక్ష్యం తీసుకోవచ్చు, కింది కోర్టు చేత తీయించవచ్చు. దానికి పూర్తి ఫుటేజీ, భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి జతచేయవలసిన సర్టిఫికెట్, చిత్రీకరించిన వ్యక్తి సాక్ష్యం కావాలి. అయినా ప్రమాణం చేసి చెప్పిన మాటను ఆనక మార్చుకున్న సాక్షిని కోర్టులు అనుమానంగానే చూస్తాయి. కాబట్టి అప్పీలును ఆ క్లిప్పు మీదే నిలబెట్టకండి. అతడు పోలీసులకు మొదట చెప్పినదానికీ కోర్టులో చెప్పినదానికీ ఉన్న తేడాలు, ఘటనాస్థలంలో వెలుతురు, గుర్తింపు పరేడ్ (కొందరిని వరుసగా నిలబెట్టి నిందితుడిని సాక్షి చేత గుర్తింపజేయడం) జరిగిందా లేదా, ఇవన్నీ ఇప్పటికే రికార్డులో ఉన్నాయి. 2007లో విజయవాడలో జరిగిన విద్యార్థిని హత్య కేసులో శిక్ష పడిన యువకుడిని 2017లో హైకోర్టు నిర్దోషిగా విడుదల చేసి, లక్ష రూపాయల పరిహారం ఇవ్వమన్నది అప్పీలులోనే.

ఫీజుకు డబ్బు లేదని ఆగవద్దు. నిర్బంధంలో ఉన్న వ్యక్తికి ఉచిత న్యాయసహాయం 1987 నాటి న్యాయసేవల అధికారిక సంస్థల చట్టం 12వ సెక్షన్ ఇచ్చిన హక్కు. 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు, లేదా తీర్పు ప్రతి, సాక్షుల వాంగ్మూలాల నకళ్లు, జైలులో మీ అన్నయ్య సంతకం చేసిన వకాలత్నామా తీసుకుని నేరుగా హైకోర్టు న్యాయసేవల కమిటీకి వెళ్లవచ్చు. ఒప్పంద పత్రం కూడా సంతకం చేయకుండా వెంట తీసుకెళ్లి వారికి చూపించండి.